ఆమ్‌దార్ గారి నెలవారీ అహవాల్‌ను తెలుగులోకి తెచ్చేటప్పుడు ఏది చట్టం, ఏది మాట?

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మహారాష్ట్రలోని సిరొంచా తాలూకాలో మీ ఊరివాళ్ల కోసం, ఆమ్‌దార్ (ఎమ్మెల్యే) గారి ఆఫీసు నుంచి నెలనెలా వాట్సాప్‌లో వచ్చే మరాఠీ అహవాల్‌ను, అంటే నివేదికను, తెలుగులో రాసి పంచడం మొదలుపెట్టావు. మొదటి నెలలోనే చిక్కొచ్చింది. ‘కొత్త చట్టం వచ్చింది’ అని నువ్వు రాశావు, నలుగురు పనులు మానుకుని తలాఠీ (ఊరి రెవెన్యూ ఉద్యోగి) దగ్గరికి వెళ్లారు, ఆయన ‘నాకేమీ రాలేదు’ అని పంపేశాడు, వాళ్లొచ్చి నిన్ను నిలదీశారు. అందులో ఉన్నవాటిలో ఏది అమల్లో ఉన్నట్టు, ఏది లేనట్టు, తెలుగులో ఎలా రాయాలి అని అడుగుతున్నావు.

నేను తొమ్మిదేళ్లు ఒక ఆమ్‌దార్ గారి ఆఫీసులో ఈ అహవాల్ కూర్చే పనిలోనే ఉన్నాను. మరాఠీది పూర్తయ్యాక మన తెలుగు ఊళ్లకు పంపడానికి తెలుగులో తిరగరాసేది కూడా నేనే. కాబట్టి లోపల ఏం జరుగుతుందో చూసినవాడిగా చెబుతాను. నువ్వు చేస్తున్నది చాలా అవసరమైన పని. మనకు జిల్లా కేంద్రం గడ్చిరోలియే రెండొందల కిలోమీటర్ల పైచిలుకు. ముంబయి గురించి చెప్పక్కర్లేదు. ఇంట్లో తెలుగు, ఆఫీసులో మరాఠీ. మరాఠీ చదవలేని పెద్దవాళ్లకు సర్కారు సంగతులు సొంత భాషలో చెప్పేవాడు ఊరికి ఒక్కడున్నా చాలా మేలు. ఒక్క పొరపాటు జరిగిందని మానేయకు.

ముందు క్యాలెండర్ చూడు. మహారాష్ట్రలో శాసనసభ మామూలుగా ఏడాదికి మూడుసార్లు కూర్చుంటుంది. బడ్జెట్ సమావేశాలు ఫిబ్రవరి చివర్లోనో మార్చిలోనో ముంబయిలో, వర్షాకాలం సమావేశాలు జూన్, జులైలలో ముంబయిలోనే, చలికాలం సమావేశాలు డిసెంబరులో నాగపూర్‌లో. నాగపూర్‌లో ఏటా ఒకసారి కూర్చోవడం 1953 నాటి నాగపూర్ ఒప్పందం నుంచి వచ్చింది. అహవాల్ మాత్రం పన్నెండు నెలలూ వస్తుంది. అందుకని సెప్టెంబరు, అక్టోబరు అహవాల్‌లో ‘నవా కాయదా’ (కొత్త చట్టం) అని కనపడితే అక్కడే ఆగు. సభే కూర్చోని నెలలో చట్టం ఎక్కడి నుంచి వచ్చింది? గవర్నర్ తెచ్చిన ఆర్డినెన్స్ అయినా అయి ఉండాలి, పాత చట్టం కింద కొత్తగా వచ్చిన నియమాలైనా అయి ఉండాలి, ఏదో శాఖ జీఆర్ (ప్రభుత్వ ఉత్తర్వు) అయినా అయి ఉండాలి. లేదంటే మంత్రి ఏదో మీటింగులో అన్న మాట. మేం వీటన్నిటినీ ఒకే శీర్షిక కింద పెట్టేవాళ్లం. మోసం చేద్దామని కాదు. ఆఫీసులో ఉన్న మాకు తేడా తెలుసు కాబట్టి చదివేవాళ్లకూ తెలుసనుకునేవాళ్లం. అది తప్పేనని చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను.

వాక్యంలోని మరాఠీ మాటే నీకు సగం సంగతి చెబుతుంది. ‘ఘోషణా’ అంటే ప్రకటన, అంతే. ‘విధేయక్’ అంటే బిల్లు. ‘అధ్యాదేశ్’ అంటే ఆర్డినెన్స్. అది వెంటనే అమల్లోకి వస్తుంది కానీ, సభ మళ్లీ కూర్చున్నాక ఆరు వారాల్లోగా ఆమోదం పొందకపోతే పోతుంది. ‘అధినియమ్’ అని ఉంటేనే చట్టం. ‘అధిసూచనా’ అంటే నోటిఫికేషన్. ‘శాసన్ నిర్ణయ్’ అంటే మనమంతా జీఆర్ అనేది. వీటన్నిటికీ తెలుగులో ‘చట్టం’ అనే ఒక్క మాట వాడినందుకే నీకీ టెన్షన్ వచ్చింది.

బిల్లు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. మన రాష్ట్రానికి రెండు సభలున్నాయి. విధానసభలో 288 మంది, విధాన పరిషత్తులో 78 మంది. రెండూ దాటాక గవర్నర్ సంతకం కావాలి, కొన్ని బిల్లులకు రాష్ట్రపతి ఆమోదం కావాలి. ఆ తరువాత రాజపత్రంలో, అంటే గెజెట్‌లో, అచ్చు కావాలి. అప్పుడు కూడా ‘ప్రభుత్వం నోటిఫై చేసిన తేదీ నుంచి అమల్లోకి వస్తుంది’ అని మొదటి సెక్షన్‌లో రాసి ఉంటే, ఆ తేదీ వచ్చేదాకా ఆగాల్సిందే. ఆడవాళ్ల మీద నేరాలకు కఠిన శిక్షలు పెడుతూ తెచ్చిన శక్తి బిల్లు గుర్తుందా? 2021 డిసెంబరులో రెండు సభలూ ఆమోదించాయి. రాష్ట్రపతి ఆమోదానికి వెళ్లింది, ఆ ఆమోదం రాలేదు, చట్టం కాలేదు. కానీ అమల్లో ఉందనుకునేవాళ్లు ఇప్పటికీ నాకు తగులుతుంటారు. ‘సంమత్’ అన్న మాట చూసి ‘చట్టమైంది’ అని రాసుకున్నవాళ్లు మనలాగే చాలామంది ఉంటారు. సంమత్ అంటే సభ ఒప్పుకుంది అని మాత్రమే.

దీనికి తలకిందులుగా కూడా జరుగుతుంది. సర్కారు సేవలు గడువులోగా అందాలని చెప్పే లోకసేవా హక్కు చట్టం 2015 ఆగస్టులో అచ్చయింది, అమలు మాత్రం ఆ ఏడాది ఏప్రిల్ 28 నుంచే. ముందు ఆర్డినెన్స్‌గా వచ్చింది కాబట్టి అలా అయింది. కాబట్టి ఆమోదించిన తేదీ, అచ్చయిన తేదీ, అమలు తేదీ ఈ మూడూ వేరువేరని మనసులో పెట్టుకుని, జనానికి మాత్రం అమలు తేదీ రాయి. అది ఇంకా తెలియకపోతే ‘ఇంకా అమల్లోకి రాలేదు’ అని రాయి. అలా రాస్తే ఎవరూ చిన్నచూపు చూడరు.

మన గడ్చిరోలిలో అందరూ మాట్లాడుకున్న ప్రత్యేక జన సురక్ష బిల్లునే (నక్సల్ సంస్థలను అడ్డుకోవడానికని తెచ్చినది) తీసుకో. దాని మంచిచెడ్డల్లోకి నేను వెళ్లను, నడిచిన దారి చూడు. 2024 జులైలో విధానసభలో పెట్టారు. ఆ సభ గడువు తీరడంతో అది పోయింది. డిసెంబరులో కొత్త సభ ముందు మళ్లీ పెట్టి, రెండు సభల సభ్యులున్న సంయుక్త సమితికి పంపారు. జనం నుంచి 12 వేలకు పైగా సూచనలు వచ్చాయి. మార్పులు చేశాక 2025 జులైలో రెండు సభలూ ఆమోదించాయి. ఏడాది కాలంలో ఒకే పేరు అహవాల్‌లో ఎన్నోసార్లు కనపడుతుంది. ప్రతిసారీ ‘కొత్త చట్టం’ అని రాస్తే నిన్నెవరు నమ్ముతారు? ఇందులో నువ్వు అసలు పట్టుకోవాల్సిన లైను ఇంకొకటుంది. ‘హరకతీ వ సూచనా’ అని, పక్కన ఒక గడువు తేదీ. అభ్యంతరాలు, సూచనలు పంపమని అడగడం అది. ఆమోదం అయ్యాక చెబితే జనం వినడం తప్ప చేసేదేం లేదు, ఈ లైను వేళకు చెబితే వాళ్లు కూడా నోరు విప్పొచ్చు. ఏ బిల్లు గురించైనా నాకు వార్త అంటే అదే.

ఇక జీఆర్. మన రోజువారీ బతుకును చట్టాల కంటే ఇవే ఎక్కువ తాకుతాయి. ‘ముఖ్యమంత్రి మాఝీ లాడకీ బహీణ్’ పథకం చట్టం కాదు, జీఆర్‌తో వచ్చింది. 2024 జూన్ 28న బడ్జెట్‌లో ప్రకటించారు, ఆడవాళ్లకు నెలకు 1,500 రూపాయలు. జీఆర్ అదే రోజు వచ్చింది. వయసు 21 నుంచి 60, ఐదెకరాలకు మించి భూమి ఉండకూడదు, మహారాష్ట్ర నివాస పత్రం గానీ ఇక్కడి జన్మ ధ్రువీకరణ గానీ కావాలి. మా పక్కింటి కోడలు తెలంగాణలోని చెన్నూరు వైపు పిల్ల. పుట్టింది, చదివింది నది అవతల. పెళ్లయి పదేళ్లయినా ఇక్కడి నివాస పత్రం తీయించుకోలేదు. ప్లాస్టిక్ కవర్లో ఉన్న కాగితాలన్నీ గడప మీద పరిచి, ఒక్కొక్కటీ నాకు చూపించి, ‘బాబాయ్, ఇందులో ఏదీ పనికిరాదు కదా’ అని మళ్లీ కవర్లో పెట్టేసుకుంది. అయిదు రోజుల తరువాత, జులై 3న, సవరించిన జీఆర్ వచ్చింది. వయసు 65 దాకా పెంచారు, భూమి షరతు తీసేశారు, నివాస పత్రం లేకపోతే 15 ఏళ్ల కిందటి రేషన్ కార్డో ఓటరు కార్డో చాలన్నారు. ఆ కింద ఒక లైను: వేరే రాష్ట్రంలో పుట్టి మహారాష్ట్రలో నివసించే మగమనిషిని పెళ్లి చేసుకున్న ఆడవాళ్లకు భర్త కాగితాలు చెల్లుతాయి. ఆ లైను ఫోన్‌లో పెద్దది చేసి, మరాఠీ చదివి, తెలుగులో చెప్పాను. ఆ పిల్ల మొహం ఇప్పటికీ కళ్ల ముందుంది. సిరొంచా వైపు చెన్నూరు, మంథని, మహదేవపూర్ నుంచి వచ్చిన కోడళ్లు ఇంటింటా ఉన్నారు. ముంబయిలోనో నాగపూర్‌లోనో కూర్చుని అహవాల్ రాసేవాడికి ఈ లైను చిన్నది, మనకు అదే పెద్దది. తెలుగులో రాసేవాడి పని అక్షరం అక్షరం దింపడం కాదు, మన ఊరికి ఏ లైను ముఖ్యమో దాన్ని పైకి తేవడం.

జీఆర్ నిజమా కాదా, పాతదా కొత్తదా అన్నది చూడటం తేలికే. ప్రతి జీఆర్‌కూ ‘సంకేతాంక్’ అని 18 అంకెల నంబరు ఉంటుంది. మొదటి ఎనిమిది అంకెలు తేదీయే: ముందు సంవత్సరం, తరువాత నెల, తరువాత రోజు. 20240703 అని మొదలైతే అది 2024 జులై 3ది. రాష్ట్ర ప్రభుత్వ జీఆర్ వెబ్‌సైట్‌లో ఆ నంబరు కొడితే అసలు కాగితం వస్తుంది. అహవాల్‌లో జీఆర్ అని రాసి నంబరు లేకపోతే ఆఫీసుకు ఫోన్ చేసి అడుగు. ఇవ్వగలిగితే ఇస్తారు. ఇవ్వలేకపోతే అది ఇంకా రాలేదన్నమాట, అప్పుడు ‘ప్రకటన’ అనే రాయి.

నా వల్ల జరిగిన ఒక నష్టం చెప్పాలి. 2023 డిసెంబరులో నాగపూర్ సమావేశాల్లో వరి రైతులకు హెక్టారుకు 20,000 చొప్పున, రెండు హెక్టార్ల దాకా బోనస్ ప్రకటించారు. ఆ నెల అహవాల్‌ను సంబరంగా తెలుగులో రాశాను. ఊళ్లో ఒక రైతుకు నాలుగెకరాలు, అంటే 1.6 హెక్టార్లు, లెక్కప్రకారం 32 వేలు రావాలి. రాలేదు. ధాన్యం కొనుగోలు కేంద్రంలో పేరు నమోదు చేయించుకున్నవాళ్లకే బోనస్, ఆయన చేయించుకోలేదు. చూస్తే, అంతకు ముందు అక్టోబరు అహవాల్‌లో ‘ధాన్ నోందణీ’ (ధాన్యం నమోదు) గురించి ఒక్క లైను ఉంది. జాగా చాల్లేదని, పైగా ఏ ఉత్సాహమూ లేని లైను కదా అని, తెలుగులో నేనే వదిలేశాను. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. ఆ రోజు నుంచి నమోదు తేదీలు, చివరి తేదీలు, కావలసిన కాగితాలు మొదటి పేజీలో పైన పెట్టేవాణ్ని. శాలువాలు కప్పిన ఫొటోలు, భూమిపూజ ఫొటోలు చివరికి నెట్టేవాణ్ని. అది ఆఫీసులో అందరికీ నచ్చలేదు, అయినా నేను మార్చలేదు. నువ్వు సొంతంగా రాస్తున్నావు కాబట్టి ఆ ఇబ్బంది నీకు లేదు.

పనుల జాబితాలో ‘మంజూర్’ అన్న మాట దగ్గర కూడా జాగ్రత్త. రోడ్డుకో, సభామండపానికో బడ్జెట్‌లో చోటు దొరికినా మంజూరే, ప్రశాసకీయ మాన్యతా (పరిపాలనా అనుమతి) వచ్చినా మంజూరే, తాంత్రిక మాన్యతా (సాంకేతిక అనుమతి) అయినా మంజూరే. టెండర్ అయి, ‘కార్యారంభ ఆదేశ్’, అంటే పని మొదలుపెట్టమనే కాగితం, కాంట్రాక్టర్ చేతికి వచ్చేదాకా గునపం పడదు. ఒకే రోడ్డు ఈ మెట్లన్నిటిలో ‘మంజూర్’గా కనపడితే జనం నాలుగు రోడ్లు వస్తున్నాయనుకుంటారు. ఏ మెట్టులో ఉందో ఒక్క మాట చేర్చు. పంచవీస్ పంధ్రా, అంటే 2515 లేఖాశీర్షం (బడ్జెట్ ఖాతా) కింద ఊరి పనా, 3054 కింద రోడ్డు మరమ్మతా అన్న నంబరు ఇస్తే అది కూడా రాసి ఉంచు. పనేమైందని తరువాత పంచాయత్ సమితిలోనో బాంధకామ్ (నిర్మాణ) విభాగంలోనో అడగాలంటే ఆ నంబరే తాళంచెవి.

‘పాఠపురావా సురూ ఆహే’ అన్న వాక్యం నీకు ప్రతి నెలా కనపడుతుంది. ‘వెంటపడుతూనే ఉన్నాం’ అని అర్థం. గోదావరి మీద తెలంగాణ కట్టిన మేడిగడ్డ బ్యారేజీ వెనక నీళ్లలో భూములు పోయిన మన రైతుల పరిహారం గురించి ఈ వాక్యం నేనే ఎన్నిసార్లు రాశానో లెక్క లేదు. 2016 ఆగస్టు 23న ముంబయిలో రెండు రాష్ట్రాలూ సంతకాలు చేసినప్పుడు మేడిగడ్డ మట్టం 100 మీటర్లు అనుకున్నారు. 2019 జూన్‌లో ప్రారంభమైంది, 2023 అక్టోబరులో పిల్లర్లు కుంగాయి. ఆ వార్తలు అవతలి ఒడ్డు తెలుగు పేపర్లలో పెద్ద అక్షరాలతో వస్తాయి. ఇవతలి ఒడ్డున మునిగిన పొలం సంగతి మన అహవాల్‌లో ఒక లైను. కాబట్టి ఆ లైనును అలాగే దింపి వదిలేయకు. ఏ తేదీన ఎవరికి ఉత్తరం రాశారు, జవాబు వచ్చిందా అని ఆఫీసును అడుగు. సభలో తారాంకిత ప్రశ్న (మంత్రి సభలో నోటితో జవాబివ్వాల్సిన ప్రశ్న) వేశారా, లక్షవేధి (మంత్రి దృష్టికి తెచ్చే నోటీసు) పెట్టారా? మంత్రి సభలోనే హామీ ఇచ్చి ఉంటే అది గాల్లో మాట కాదు, సభ హామీల సమితి దాన్ని నమోదు చేసి అడిగే పద్ధతి ఉంది. ప్రశ్న నంబరు, తేదీ నీ కాగితంలో ఉంటే రైతు దాన్ని పట్టుకుని మాట్లాడగలడు.

అహవాల్‌లో అసలు రానివి కూడా ఉన్నాయి. సిరొంచా రాజ్యాంగం అయిదో షెడ్యూల్ కిందికి వచ్చే ఆదివాసీ ప్రాంతం. ఇక్కడ ఏ చట్టం ఎలా వర్తించాలో మార్చే అధికారం గవర్నర్‌కు ఉంది, అది సభలోకి రాదు, ఓటింగు ఉండదు. 2020 మే 18న అటవీ హక్కుల చట్టంలో అలాంటి మార్పే చేశారు. జిల్లా స్థాయి సమితి అటవీ పట్టా కాదంటే పైకి అప్పీలు చేసుకునే వీలు కల్పించారు. తిరస్కరణ కాగితం ట్రంకు పెట్టెలో పెట్టుకుని కూర్చున్న కుటుంబాలకు అది ఎంత పెద్ద సంగతో ఆలోచించు. ఆమ్‌దార్ల చేతి మీదుగా జరగలేదు కాబట్టి అహవాల్‌లో దానికి చోటు దొరకలేదు. అందుకని నెలకోసారి గవర్నర్ కార్యాలయం నోటిఫికేషన్లు కూడా చూస్తూ ఉండు.

భాష సంగతి. మరాఠీ మాట తెలుగు మాటలా కనపడిన చోటే దెబ్బతింటాం. ‘ఆమ్‌దారాంనీ ఆగ్రహ్ ధరలా’ అంటే ఆమ్‌దార్ పట్టుబట్టారు అని, ఆగ్రహించారని కాదు. ‘అభ్యాస్ సమితి’ అంటే అధ్యయనం చేసే సమితి. ‘పాత్ర్’ అంటే అర్హులు, మన పాత్ర కాదు. ‘అటీ’ అంటే షరతులు, ‘నికష్’ అంటే కొలమానాలు, ‘ప్రలంబిత్’ అంటే పెండింగ్. సాత్‌బారా (భూమి రికార్డు), ఫేర్‌ఫార్ (రికార్డులో పేరు మార్పు), జీఆర్ లాంటివి మాత్రం తెలుగులోకి మార్చకు. అడంగల్, పహాణీ అని రాస్తే మనవాళ్లకు అర్థం కాదు, తలాఠీ దగ్గర అడిగేటప్పుడూ పనికిరాదు.

చివర్లో అడిగావు, తెలుగులో అర్జీ పెట్టొచ్చా, మన ఆమ్‌దార్ సభలో తెలుగులో మాట్లాడొచ్చా అని. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం కష్టం చెప్పుకునే అర్జీని రాష్ట్రంలో వాడే ఏ భాషలోనైనా ఏ అధికారికైనా ఇవ్వొచ్చు, కాబట్టి తెలుగు అర్జీని తీసుకోం అనడానికి లేదు. పని త్వరగా కావాలంటే వెనక మరాఠీలో అర పేజీ జతచేయి. సభ సంగతి 210వ అధికరణంలో ఉంది. రాష్ట్ర అధికార భాషలోనో హిందీలోనో ఇంగ్లీషులోనో తన మాట సరిగ్గా చెప్పలేని సభ్యుడికి మాతృభాషలో మాట్లాడేందుకు స్పీకర్ అనుమతి ఇవ్వొచ్చు. అర్జీ ఎప్పుడూ రెండు కాపీలు తీసుకెళ్లమను. రెండో దాని మీద ఆవక్ (అందినట్టు వేసే) నంబరు, ముద్ర, తేదీ వేయించుకుని, ఆ నంబరును నీ నోట్‌బుక్‌లో రాసుకో. మరుసటి నెల అహవాల్ తెలుగులో వేసేటప్పుడు, మీ ఊరి అర్జీ ఏ తేదీన ఇచ్చారో, ఎన్ని రోజులైందో కింద ఒక లైను చేర్చి, ఆ తెలుగు కాపీ ఒకటి ఆమ్‌దార్ గారి ఆఫీసుకు కూడా పంపు.